జేబు గడియారాల నంబర్లు: వయసు చెప్పేవి, వయసు దాచేవి

అమెరికాలో ఎల్జిన్ కంపెనీ 1867లో బయటికి తెచ్చిన మొట్టమొదటి జేబు గడియారం మీద 1 అనే నంబరు లేదు. 101 అని ఉంది. కొత్త కంపెనీ మొదటి సరుకంటే కొనేవాడు జంకుతాడనుకున్నారో ఏమో, లెక్కను నూటొకటితో మొదలుపెట్టారు. చికాగో మేయరుగా పనిచేసి, కంపెనీకి తొలి అధ్యక్షుడైన బెంజమిన్ రేమండ్ పేరే ఆ గడియారానికి పెట్టారు. అప్పటి ధర 117 డాలర్లు. 1988లో న్యూయార్క్ వేలంలో అదే గడియారం 12 వేల డాలర్లు పలికింది.

ఆ తరవాత ఎల్జిన్ నంబర్లు పరుగందుకున్నాయి. 1882 ప్రాంతానికి పది లక్షలు, 1903 ప్రాంతానికి కోటి, 1951లో అయిదు కోట్లు. కంపెనీ మూతపడేసరికి మొత్తం ఆరు కోట్ల దగ్గరికి చేరాయని అంచనా. నంబరు ఇలా పెరుగుతూ పోవడమే పాత గడియారాలు సేకరించేవాళ్ళకి పెద్ద వరమైంది. ఏ ఏడాది ఏ నంబరు దాకా వచ్చారో చెప్పే పట్టిక ఒకటి దగ్గర పెట్టుకుంటే, తాత పెట్టెలో దొరికిన గడియారం ఏ కాలందో నిమిషంలో తేల్చెయ్యొచ్చు. తేల్చెయ్యొచ్చనే అందరూ అనుకుంటారు. నిజానికి ఆ నంబరు వేసినవాళ్ళకి మన తాతల కాలం తెలుసుకోవాలన్న ఆలోచనే లేదు. విడిభాగం పాడైతే దుకాణదారు ఫ్యాక్టరీకి ఉత్తరం రాస్తాడు, ఏ నమూనాకి సరిపడే భాగం పంపాలో అక్కడి గుమాస్తాకి తెలియాలి. నంబరు పుట్టింది అందుకు. అది వయసు చెప్పడమనేది మనకి దొరికిన కొసరు. కొసరు కాబట్టే అందులో ఇన్ని వింతలు.

తొలి నంబరు ఎవరిది?

తేదీ చెక్కి ఉన్న గడియారాల్లో ఇప్పటికి తెలిసిన అత్యంత పాతది 1530 నాటిది. జర్మన్ మతసంస్కర్త ఫిలిప్ మెలాంక్థన్‌ది. గుండ్రని చిన్న బంతిలా ఉండే ఆ గడియారం ఇప్పుడు అమెరికాలోని బాల్టిమోర్‌లో, వాల్టర్స్ కళా మ్యూజియంలో ఉంది. దాని మీద ఏడాది స్పష్టంగా చెక్కారు కాబట్టి నంబర్లతో పని పడలేదు. ఆ కాలంలో గడియారమంటే ఒక్కో కొనుగోలుదారు కోసం ఒక్కోటి చేసేదే, లెక్కపెట్టుకోవలసినంత సరుకు ఎక్కడిది?

లెక్కపెట్టవలసినంత సరుకు తయారుచేసిన తొలి ఘనుడు లండన్‌కి చెందిన థామస్ టాంపియన్. 1680ల తొలినాళ్ళలో తన గడియారాలకి వరస నంబర్లు వెయ్యడం మొదలుపెట్టాడు. తయారైన వస్తువుల మీద వరస నంబరు వెయ్యడమనే పద్ధతి లోకంలో బహుశా ఇక్కడే మొదలైందని చరిత్రకారులు చెబుతారు. ఇవాళ మన ఫోను మీదా, గ్యాసు సిలిండరు మీదా ఉండే నంబర్లకి ఆయనే మూలపురుషుడన్నమాట. జీవితకాలంలో ఆయన పనిశాల నుంచి సుమారు 5,500 జేబు గడియారాలూ, 650 గోడ, బల్ల గడియారాలూ వచ్చాయి.

టాంపియన్ దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది. మామూలు జేబు గడియారాలకి ఒక వరస, మీట నొక్కితే గంటలు కొట్టి వేళ చెప్పేవాటికి వేరే వరస, పెద్ద గడియారాలకి మరొకటి. కాబట్టి 200 అన్న నంబరు ఒంటరిగా కనిపిస్తే చేసేదేమీ లేదు, ముందు అది ఏ వరసలోదో తేలాలి. 1713లో ఆయన పోయాక శిష్యుడు జార్జ్ గ్రాహం అవే వరసల్ని కొనసాగించాడు. యజమాని మారినా లెక్క తెగలేదు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో గురుశిష్యులిద్దరిదీ ఒకే సమాధి.

ఒకే దొర, రెండు గడియారాలు

నంబరు ఎంత నమ్మదగిందో, చేతిరాత ఎంత నమ్మదగిందో పక్కపక్కన పెట్టి చూడాలంటే అబ్రహాం లింకన్ గడియారాల్ని మించినవి లేవు. ఆయనవి రెండు గడియారాలు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం దగ్గర ఉన్నాయి.

మొదటిది వాల్థం కంపెనీ తయారీ, విలియం ఎల్లరీ రకం, తాళంచెవితో కీ ఇచ్చేది. నంబరు 67613. 1863 నవంబరులో గెటిస్‌బర్గ్‌లో ప్రసంగించాక లింకన్‌కి దాన్ని బహుమతిగా ఇచ్చారు. అమెరికాలో యంత్రాలతో, ఒకదాని భాగం మరొకదానికి సరిపోయేలా గడియారాలు చెయ్యాలన్న పట్టుదలతో 1850లో ముగ్గురు కలిసి పెట్టిన కంపెనీ అది. ఆరన్ డెన్నిసన్, ఎడ్వర్డ్ హోవర్డ్, డేవిడ్ డేవిస్. 1854లో వాల్థం ఊరికి మారారు, 1857లో దివాలా తీశారు. వేలంలో రాయల్ రాబిన్స్ అనే వ్యాపారి కొన్నాక నిలదొక్కుకుంది. అంతర్యుద్ధంలో సైనికులు చవగ్గా దొరికే ఎల్లరీ గడియారాలు విరగబడి కొన్నారు. అంటే దేశాధ్యక్షుడి జేబులోనూ, మామూలు సిపాయి జేబులోనూ ఒకే రకం గడియారం టిక్కుమనేది. మన జమీందార్ల దర్జాకి అలవాటుపడిన కళ్ళకి ఇది కాస్త వింతే.

రెండోది బంగారు గడియారం, మిషను ఇంగ్లండుది. లింకన్ ఇంకా ఇల్లినాయిస్‌లో లాయరుగా ఉన్నప్పుడు కొన్నాడు. 1861 ఏప్రిల్‌లో అది బాగుకోసం వాషింగ్టన్‌లోని గాల్ట్ దుకాణంలో ఉంది. మరమ్మతు చేస్తున్నది జొనాథన్ డిల్లన్ అనే ఐరిష్ పనివాడు. సమ్టర్ కోట మీద కాల్పులు మొదలై అంతర్యుద్ధం వచ్చిపడిందన్న కబురు అప్పుడే దుకాణంలోకి వచ్చింది. డిల్లన్ డయలు విప్పి, లోపలి ఇత్తడి పలక మీద సన్నని సూదిమొనతో నాలుగు మాటలు గీకి, డయలు మళ్ళీ బిగించేశాడు. లింకన్‌కి ఆ సంగతి చివరిదాకా తెలియదు.

నలభై అయిదేళ్ళ తరవాత, 1906లో, ముసలివాడైన డిల్లన్ ఒక న్యూయార్క్ పత్రికకి ఈ కథ చెప్పాడు. తొలి తుపాకీ పేలింది, బానిసత్వం చచ్చింది, ప్రయత్నమైనా చేసే అధ్యక్షుడు దొరికాడు దేవుడి దయవల్ల, అని రాశానన్నాడు. నిజంగా రాశాడో లేదో ఎవరూ చూడలేదు. 2009 మార్చిలో మ్యూజియం వాళ్ళు అందరి ముందూ గడియారం విప్పారు. రాత ఉంది! కానీ మాటలు వేరు. డిల్లన్ పేరు, 1861 ఏప్రిల్ 13 అన్న తేదీ, అదే రోజున తిరుగుబాటుదారులు సమ్టర్ కోట మీద దాడి చేశారన్న వాక్యం, మనకో ప్రభుత్వం ఉన్నందుకు దేవుడికి కృతజ్ఞతలు. బానిసత్వం ఊసే లేదు. పైగా దాడి మొదలైంది 13న కాదు, 12న. కోట పేరులో అక్షరం కూడా ఒకటి ఎక్కువ పడింది. డిల్లన్ రాత పక్కనే వేరెవరో తిరుగుబాటు పక్షం నాయకుడు జెఫ్ డేవిస్ పేరు కూడా గీకి పెట్టారు. శత్రువు పేరు జేబులో పెట్టుకుని లింకన్ యుద్ధం నడిపాడేమో.

స్వయంగా రాసినవాడే తేదీ తప్పు వేశాడు, నలభై అయిదేళ్ళకి మాటలూ మర్చిపోయాడు. ఎల్లరీ మీది 67613 మాత్రం వాల్థం ఖాతాలతో సరిపోలుతూ అలాగే ఉంది.

మూత మీది నంబరు చూసి మోసపోకండి

పాత గడియారం చేతికి రాగానే వెనక మూత తీసి, అక్కడున్న పెద్ద నంబరు చూసి పట్టిక తిరగేసేవాళ్ళే ఎక్కువ. అమెరికన్ గడియారం విషయంలో అది తప్పుదారి. మూత మీది నంబరు కేసు తయారుచేసినవాడిది. వయసు చెప్పే నంబరు లోపలి మిషను మీద ఉంటుంది, తరచుగా కంపెనీ పేరు పక్కనే.

రెండు నంబర్లెందుకంటే, ఆ రోజుల్లో అమెరికాలో మిషను ఒక కంపెనీది, కేసు మరో కంపెనీది. ఎల్జిన్, వాల్థం ఫ్యాక్టరీల నుంచి మిషన్లు విడిగా వచ్చేవి. దుకాణంలో కొనేవాడు ముందు మిషను ఎంచుకుని, తరవాత తన తాహతుకి తగిన కేసు చూపించమనేవాడు. బంగారం, బంగారు పూత, వెండి, నికెలు, ఏదైనా సరే. సైజులు ఒకే లెక్కలో ఉండేవి కాబట్టి ఒక సైజు మిషను సాధారణంగా ఆ సైజు కేసు దేనిలోనైనా కూర్చునేది. తరవాతి కాలంలో బంగారం ధర పెరిగినప్పుడల్లా ఎన్నో బంగారు కేసులు కంసాలి కుంపట్లోకి వెళ్ళాయి, దిక్కులేని మిషన్లు చవక కేసుల్లోకి మారాయి. అందుకే 1890 నాటి మిషను 1920 నాటి కేసులో కనిపించడం మామూలే.

అలాగని కేసు పనికిరాని సాక్షి కాదు. బంగారు పూత కేసుల మీద ఇరవై ఏళ్ళ గ్యారంటీ అని ముద్ర కనిపిస్తే అది 1924కి ముందుదని అనుకోవచ్చు, ఆ ఏడాది అమెరికా ప్రభుత్వం అలాంటి గ్యారంటీ ముద్రల్ని ఆపించింది. ఇంగ్లండు వెండి కేసులైతే ఇంకా నయం. లండన్ ముద్ర చిరుత తల, బర్మింగ్‌హాం ముద్ర లంగరు, పక్కనే ఏటేటా మారే అక్షరం. ఆ అక్షరం ఆకారం చూసి ఏడాది చెప్పెయ్యొచ్చు. ఇంగ్లీషు గడియారాల్లో మిషను నంబరు కన్నా ఈ అక్షరమే నమ్మకమైంది, ఎందుకంటే అక్కడ ఒక్కో చిన్న పనివాడిదీ ఒక్కో నంబర్ల వరస, ఆ ఖాతాలు చాలామటుకు మిగల్లేదు. స్విట్జర్లాండు వెండి మీద ఎలుగుబంటి బొమ్మ ఉంటే వెయ్యికి 875 పాళ్ళ వెండి, అడవికోడి ఉంటే 800. ఆ ముద్రలు 1880ల్లో వచ్చాయి కాబట్టి, అవి కనిపిస్తే గడియారం అంతకన్నా పాతది కాదు.

మిషన్లో పలకలూ బ్రిడ్జిలూ విప్పితే వాటి కింద కూడా అదే నంబరో, దాని చివరి అంకెలో కనిపిస్తాయి. మెరుగుపెట్టేటప్పుడు ఒకదాని భాగం మరొకదాంట్లో కలిసిపోకుండా ఫ్యాక్టరీ పనివాళ్ళు వేసుకున్న గుర్తులవి. అవి కలవకపోతే రెండు గడియారాల్ని కలిపి ఒకటి చేశారని అర్థం.

రైలు నడిపినవాళ్ళ నంబర్లు

నంబర్లని అందరికన్నా శ్రద్ధగా రాసిపెట్టుకున్నది అమెరికన్ రైల్వేలు. 1891 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రంలో కిప్టన్ దగ్గర రెండు రైళ్ళు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. సిబ్బందిలో ఒకరి గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడవడమే కారణమని చెబుతారు. ఆ తరవాత వెబ్ బాల్ అనే నగల వ్యాపారికి రైల్వేవాళ్ళు గడియారాల తనిఖీ అప్పగించారు. ఆయన పెట్టించిన నియమాలు ఎంత కఠినమంటే, వారానికి 30 సెకన్ల కన్నా తేడా రాకూడదు, కనీసం 17 జ్యూయల్స్ (ఇరుసులు అరగకుండా మిషన్లో పెట్టే రాళ్ళు) ఉండాలి, గడియారాన్ని అయిదు రకాలుగా నిలబెట్టినా పడుకోబెట్టినా ఒకేలా నడవాలి, డయలుకి మూత ఉండకూడదు. ముళ్ళు తిప్పాలంటే అద్దం విప్పి ఓ మీట లాగాలి, పొరపాటున కీ ఇచ్చే తల తిప్పితే వేళ మారిపోకూడదు. తనిఖీ చీటీలో కంపెనీ పేరుతోపాటు మిషను నంబరూ రాసేవాళ్ళు. పాత చీటీ ఒకటి గడియారంతోపాటు దొరికితే, ఆ గడియారం ఏ లైనులో ఎవరి జేబులో తిరిగిందో కూడా తెలిసిపోతుంది.

బాల్ పేరుతో వచ్చినవాటి మిషన్లు ఆయన చేసినవి కావు, వాల్థం, హామిల్టన్ లాంటి కంపెనీలు చేసిపెట్టినవి. హామిల్టన్ చేసిన బాల్ గడియారాల్లో కొన్నిటి నంబరు ముందు బి అక్షరం ఉంటుంది.

హామిల్టన్ అంటే పట్టిక చూసేవాడికి తలనొప్పి. ఒక్కో రకానికి ముందే వేల నంబర్ల చొప్పున కేటాయించి, ఆ రకం అమ్ముడుపోయిన కొద్దీ వాడుకుంటూ పోయారు. దానివల్ల చిన్న నంబరున్న గడియారం పెద్ద నంబరున్నదాని కన్నా తరవాత ఫ్యాక్టరీ దాటిన సందర్భాలున్నాయి. 1940లో వచ్చిన 992బి రకానికి నంబరు ముందు సి అక్షరం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన మార్గదర్శకుల కోసం 24 గంటల డయలుతో చేసినవాటికి 4సి. ఈ అక్షరాలు కనిపిస్తే మాత్రం పట్టికతో పనిలేకుండానే కాలం తెలుస్తుంది.

నలభై నాలుగేళ్ళ గడియారం

పురమాయించిన రోజుకీ, గడియారం పూర్తయిన రోజుకీ మధ్య చాలా దూరం నడిచింది బ్రెగే నంబరు 160. 1783లో ఫ్రాన్స్ రాణి మేరీ ఆంట్వానెట్ కోసం పారిస్‌లో అబ్రహాం లూయీ బ్రెగే పనిశాలకి పురమాయింపు వచ్చింది. అప్పటికి తెలిసిన హంగులన్నీ ఉండాలి, సాధ్యమైనచోటల్లా బంగారం వాడాలి, ఖర్చుకీ గడువుకీ హద్దు లేదు. 1793లో రాణి తల తెగింది, 1823లో బ్రెగే పోయాడు, 1827లో గడియారం పూర్తయింది. పనికి గడువు పెట్టకపోతే ఇంతే మరి.

కథ అక్కడితో ఆగలేదు. 1983 ఏప్రిల్‌లో జెరూసలేంలోని మాయెర్ మ్యూజియం నుంచి దాన్నీ, ఇంకా ఎన్నో గడియారాల్నీ దొంగ ఎత్తుకుపోయాడు. 2007లో దొరికినట్టు ప్రకటించారు. అది దొరకదేమోనన్న అనుమానంతో బ్రెగే కంపెనీ ఈలోగా పాత చిత్రాల ఆధారంగా అచ్చం అలాంటిదే చెయ్యడం మొదలుపెట్టింది. 2008లో పూర్తయిన ఆ ప్రతికి వేసిన నంబరు 1160. అసలు నంబరుకి ముందు ఒక అంకె చేర్చారంతే. అదృష్టవశాత్తూ ఆ వెయ్యి అందరికీ తెలిసిందే గనక ఎవరూ మోసపోరు. బ్రెగే ఖాతా పుస్తకాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి, ఏ నంబరు ఎప్పుడు ఎవరికి అమ్మారో వాటిలో చూసి చెప్పగలరు.

ఖరీదైన అంకెలు

ఇప్పటిదాకా వేలంలో అన్నిటికన్నా ఎక్కువ పలికిన జేబు గడియారం పాటెక్ ఫిలిప్ నంబరు 198.385. అమెరికా బ్యాంకరు హెన్రీ గ్రేవ్స్ కోసం చేసి 1933లో అప్పగించారు. 24 హంగులు, అందులో ఒకటి న్యూయార్క్‌లో ఆయన ఇంటి పైని ఆకాశంలో నక్షత్రాల పటం. 2014 నవంబరులో జెనీవాలో రెండు కోట్ల ముప్ఫై లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది.

టైటానిక్‌తో మునిగిన కోటీశ్వరుడు జాన్ జేకబ్ ఆస్టర్ దగ్గర దొరికిన బంగారు వాల్థం 2024లో ఇంగ్లండులో 11,75,000 పౌన్లకి పోయింది. ఆ ధర వాల్థంకి కాదు, టైటానిక్‌కి.

డయలు మీది పేరు

మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్ పేరున్న గడియారాలు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని మన జిల్లాలకీ వచ్చేవి. కలకత్తా కుక్ అండ్ కెల్వీ పేరు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం సంగీత గడియారం చూసిన ప్రతివాళ్ళకీ తెలిసిందే. బొంబాయిలో వెస్ట్ ఎండ్ ఉండేది. డయలు మీద ఇలాంటి పేరు ఉంటే తయారుచేసినవాడి పేరనుకోవద్దు, తరచుగా అది అమ్మినవాడి పేరు. తయారైంది స్విట్జర్లాండులోనో ఇంగ్లండులోనో. కాబట్టి దాని నంబరు వాల్థం, ఎల్జిన్ పట్టికల్లో వెతికితే ఏదో ఒక ఏడాది దొరుకుతుంది, కానీ అది వేరెవరి గడియారం పుట్టిన ఏడాదో. అమెరికన్ పేర్లని పోలిన పేర్లు, కేసు మీద రైలింజను బొమ్మ వేసి చవకగా వదిలిన స్విస్ నకళ్ళకీ ఇదే వర్తిస్తుంది. వాటి మీది జ్యూయల్స్ లెక్క కూడా నమ్మనక్కర్లేదు.

ఫ్యాక్టరీయే ప్రయాణం చేసింది

ఒహాయోలోని కాంటన్‌లో హ్యాంప్‌డెన్ అనే కంపెనీ ఉండేది. అది దివాలా తీశాక, 1930లో సోవియట్ ప్రభుత్వం ఆ యంత్రాలన్నీ కొని, ఓడలకెక్కించి, మాస్కోకి తరలించింది. పని నేర్పడానికి కాంటన్ నుంచి ఇరవై ఒక్కమంది పాత పనివాళ్ళు కూడా వెళ్ళారు. అలా మొదలైంది మాస్కో మొదటి గడియారాల ఫ్యాక్టరీ. పెట్టుబడిదారీ దేశపు అచ్చులోంచి సోవియట్ రైల్వేల గడియారాలు ఊడిపడ్డాయి.

ఆ తొలి మాస్కో గడియారాల్లో సేకరించేవాళ్ళకి నచ్చే సుగుణం ఒకటుంది. మిషను మీద 4-34 అని ముద్ర ఉంటే 1934 నాలుగో త్రైమాసికం, 1-36 అంటే 1936 మొదటిది. ప్రణాళిక ప్రకారం మూణ్ణెల్లకోసారి లెక్క అప్పజెప్పవలసినవాళ్ళకి అలా వెయ్యడం సహజం. అమెరికన్ కంపెనీలు మాత్రం మామూలుగా గడియారం మీద ఏడాది బయటపెట్టేవి కావు. దుకాణం అద్దాల బీరువాలో రెండేళ్ళు కూర్చున్న గడియారం పాతసరుకని కొనేవాడికి తెలిస్తే బేరం మొదలౌతుందని భయపడి ఉంటారు.